చెక్కుబంది

ముత్తుకూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా
ముప్పై ఎనిమిదేళ్ళు దస్తావేజులు రాశాను.
చేతిరాత గుండ్రంగా ఉంటుందని పేరు.
ఎండ్రకాయల దిబ్బ కాగితమూ నేను రాసిందే.

తూర్పు: సముద్రపు పోరంబోకు.
దక్షిణం: ఉప్పుకాలువ.
పడమర: సర్కారు తుమ్మతోపు.
ఉత్తరం: మొగలిపొదలు, వాటి పక్కన గోరీలు.
ఈ నాలుగింటి మధ్య నలభై ఒక్క ఎకరం పద్దెనిమిది సెంట్లు
"ఎవరి బలవంతమూ లేకుండా, మా మనస్ఫూర్తిగా,
ఆచంద్రతారార్కం
ప్రభుత్వం వారికి వదులుకున్నాము."
ఆ ముక్క దగ్గర నా కలం ఆగలేదు.
చీకట్లో ఎద్దుకు ఇంటిదారిలాగా
ఆ మాట నా చేతికి అలవాటు.

తహసీల్దారు గారి క్యాంపు. మడత బల్ల.
కాగితాలు ఎగరకుండా పైన ఒక బెల్లంరాయి.
ఇరవై మూడు కుటుంబాల యానాదులు
వరసలో వచ్చి బొటనవేలు నా చేతికిచ్చారు.
ఒక్కొక్కటీ సిరాలో ముంచి అద్దాను.
ఇండ్ల చెంగమ్మ వేలు మాత్రం కాసేపు బిగిసింది.
"అయ్యోరా, గోరీలు ఎవురి దిక్కు పడినాయి?"
హద్దుకి అవతల, అన్నాను.
హద్దు మీద అని చెప్పి ఉండాల్సింది.

నిన్న ఆమె మనవరాలు జయంతి వచ్చింది,
నెల్లూరులో లా చదువుతోంది, పాత నకలు కావాలంది.
వెనకాల చెంగమ్మ, ఖాళీ సంచితో.
మూడు నెలలుగా రేషన్ కొట్టు మిషను
ఆమె వేలిని గుర్తుపట్టడం లేదట.
బురదలో గుల్లలేరి ఏరి గీతలన్నీ అరిగిపోయాయి.
నలభై ఎకరాలకు చాలిన వేలు
ఐదు కిలోల బియ్యానికి చాలడం లేదు.

"కెనడాలో చిప్పెవాలని ఉన్నారు తాతా,
అవతలి ఒడ్డు కనపడని మంచినీటి సరస్సుల దగ్గర.
రాణిగారి మనుషులొచ్చి
వాళ్ళ చేతా ఇట్లాగే రాయించుకున్నారు.
మనిషికి ఏడాదికి నాలుగు డాలర్లు.
నూరేళ్ళు దాటినా అదే నాలుగు."

"మనకెంత ఇచ్చిండారు?" అంది చెంగమ్మ.
ఆమెకు తెలుసు. నా నోట రావాలని అడిగింది.
కుటుంబానికి పదకొండు వందలు, రెండు చీరలు.
రెండో చీర రాలేదు.

జయంతి ఫోను ముందుకు జరిపింది.
ఒప్పందం అడుగున, సంతకాల చోట, బొమ్మలు:
కొంగ. వాలుగ చేప. ఎలుగుబంటి.
వణికిన గీతల్లో ఒక తాబేలు.
ఏ వంశం పెద్ద ఆ వంశపు జంతువును గీశాడట.
పక్కనే చక్కటి అక్షరాల్లో ఆ పెద్దల పేర్లు.
రాసినవాడు ఎవరో గానీ నాలాంటివాడే,
కొన్ని తప్పుగానే రాసి ఉంటాడు.
నేను ముగ్గురి ఇంటిపేర్లు మార్చేశాను ఆ రోజు.
ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

చెంగమ్మ ఫోనును కళ్ళ దగ్గరకు తెచ్చుకుంది.
కొంగ కాలిని చాలాసేపు చూసింది.
"నేల పోతే పోయినాది గానీ
ఈళ్ళని కొంగను గీసుకోనిచ్చిండారే.
నన్నడిగుంటే ఎండ్రకాయను గీసుందును అయ్యోరా.
ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది."

ఏమనాలో తెలియక కలం తీసిచ్చాను.
పాడైపోయిన స్టాంపు కాగితం ఒకటి తిరగేసి పెట్టాను.
కలాన్ని గుల్లలు తవ్వే ఇనపచువ్వను పట్టినట్టు పట్టి
వీపు గీసింది, డెక్కలు గీసింది,
కాళ్ళ దగ్గర ఆగి, గాలిలో వేళ్ళతో లెక్కపెట్టుకుంది.
కింద "ఇది చెంగమ్మ నిశాని" అని రాయడానికి
నా చెయ్యి అలవాటుగా లేచింది.
వెనక్కి తీసుకున్నాను.

ఆరింటికి రేషన్ కొట్టు కట్టేస్తారట.
కాగితం నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని
సంచి దులుపుకుని లేచింది.
కలం కూడా ఆమె చేతిలోనే వెళ్ళిపోయింది.
నేను అడగలేదు.